బల్ల దాటిన పతకం

ఎంగెల్‌బెర్ట్ వుర్జింగర్‌కి మనుషుల కంటే పతకాలు తొందరగా అర్థమవుతాయని వాళ్ళావిడ గెర్లిండే అనేది. అందులో దెప్పుడూ ఉంది, నిజమూ ఉంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ట్రాము షెడ్డులో బ్రేకులు బాగుచేస్తూ ఒక జీవితం గడిపాడు. సాయంత్రాలు వంటింటి బల్ల మీద చక్రవర్తుల కాలం నాటి శౌర్యపతకాలు పరుచుకుని ఇంకో జీవితం గడిపాడు. మొదటి దానికి పదవీ విరమణ ఉంది. రెండో దానికి లేదు.

పతకాల వాళ్ళలో కూడా శాఖలున్నాయి, పట్టింపులున్నాయి. ఎంగెల్‌బెర్ట్ శాఖ పాత సామ్రాజ్యంతో ఆగిపోతుంది. 1918 తర్వాతి సరుకు, ముఖ్యంగా హిట్లర్ వాళ్ళ ఆ వంకర శిలువ గుర్తు ఉన్నది, వాళ్ళ బల్ల మీదికి రాదు. ఎవడైనా జేబులోంచి తీయబోతే వాడి బీరు గ్లాసు ఇంకో బల్ల మీదికి మారిపోతుంది. అతని సొంత పట్టింపులు ఇంకొన్ని ఉన్నాయి. పతకాన్ని తోమకూడదు, ఆ నలుపే దాని వయసు. చేతిలోకి తీసుకోగానే ముందు మొహం చూడాలి, తర్వాత అంచు, ఆఖరున రిబ్బను. మొహం అంటే దాని మీద ఏ చక్రవర్తి ఉన్నాడని. ముసలి ఫ్రాన్స్ యోసెఫ్ అయితే బట్టతల, చెంపలనిండా గుబురు గడ్డం. ఆయన తర్వాత వచ్చిన కార్ల్ అయితే కుర్రమొహం, సన్నమీసం, నున్నటి చెంపలు. పసిపిల్లాడికైనా తెలిసే తేడా అది.

ఎర్ర చారల తెల్ల రిబ్బన్ను త్రికోణంగా మడిచి కుట్టడంలో అతని చెయ్యి తిరిగిన చెయ్యి. ఊరూరి నుంచీ పంపేవారు. అలాగే ఆ అక్టోబరు ఆఖర్లో కింది అంతస్తు లోయిసీ అత్త మెట్లెక్కి వచ్చింది. అసలు పేరు అలోయిసియా హార్రెర్, ఎనభై దాటిన మనిషి, చూపు బాగా మందగించింది. ఆవిడ పుట్టిన ఊరు దక్షిణాన, స్లొవేనియా సరిహద్దుకి ఆనుకుని, ద్రాక్షతోటల కొండల్లో ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి నూరేళ్ళయిన సందర్భంగా నవంబరు రెండో ఆదివారం అక్కడ స్మారకశిల దగ్గర ఆ యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చదువుతారట. ఎవరింటి పతకాలు వాళ్ళు తెచ్చి మఖమలు దిండు మీద పెట్టాలట.

"తాత పతకం, బెర్ట్ల్. రిబ్బను చీకిపోయింది. కొత్తది కుట్టిపెట్టు," అని ముద్దుపేరుతో పిలిచి గుడ్డమూట అతని చేతిలో పెట్టి, పెనవేసిన తీపిరొట్టె ముక్క కూడా పెట్టి వెళ్ళింది.

ఎంగెల్‌బెర్ట్ మూట విప్పాడు. పెద్ద వెండి శౌర్యపతకం. ముందు మొహం చూశాడు. నున్నటి చెంపలు. ముక్కు అరిగిపోయి ఉంది గానీ మనిషి కార్లే, సందేహం లేదు. అతని నోట్లో తీపిరొట్టె చేదెక్కింది.

ఎందుకంటే లోయిసీ అత్త తాత బ్లాసియుస్ హార్రెర్ 1915 వేసవిలో ఇటలీ సరిహద్దు రాళ్ళగుట్టల మీద చనిపోయాడు. ఈ మాట ఆవిడ వందసార్లు చెప్పింది. కార్ల్ గద్దె ఎక్కింది ఆ తర్వాతి ఏడాది చివర్లో. ఇంకా రాజే కానివాడి బొమ్మతో పతకం, అప్పటికే చచ్చిపోయినవాడి రొమ్ము మీదికి ఎలా వస్తుంది? ఏ సంతలోనో కొనుంటారు. పాపం, విధవరాలు పిల్లల ముందు తలెత్తుకోవడానికి ఏదో చేసుంటుంది. అలాంటివి అతను చాలా చూశాడు, చూసి నవ్వుకున్నాడు కూడా. ఈసారి నవ్వు రాలేదు. ఆరోజు పేర్లు చదివేది ప్రొఫెసర్ ష్వైగర్.

ష్వైగర్ ఎంగెల్‌బెర్ట్ వాళ్ళ పతకాల బల్లకి పెద్దమనిషి. హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరయ్యాడు, కానీ తప్పులు దిద్దడం మాత్రం మానుకోలేదు. నకిలీ పతకం కనిపిస్తే ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతుంది. ఒకసారి ఒక పెద్దాయన తండ్రి పతకమని గర్వంగా తెస్తే, అంచు చూసి అందరి ముందూ ఉతికి ఆరేశాడు. ఆ పెద్దాయన కోటు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు. అదే నోటితో, మైకులో, లోయిసీ అత్త పుట్టిన ఊళ్ళో, ఆవిడ మొహం మీద అంటే? ఆ వయసులో ఆ అవమానం మోసుకుని ఆవిడ బతకాలా?

గెర్లిండేకి చెబితే ఒక్కటే అంది. "అడుగు ఆవిణ్ణి."

అడగాలంటే నోరు రాలేదు. ఎనభై ఏళ్ళు నమ్మిన మాట అబద్ధమని ఏ మొహంతో చెబుతాడు? రెండు రోజులు మథనపడి, తన సొరుగులోంచి ఫ్రాన్స్ యోసెఫ్ మొహం ఉన్న పెద్ద వెండి పతకం తీశాడు. తన దగ్గరున్న వాటిలో మేలైనది అదే. నల్లటి నిగారింపు చెక్కుచెదరలేదు. దానికి రిబ్బను మడిచి కుట్టి మూటలో పెట్టాడు. ఆవిడకి చూపు ఆనదు కదా, తేడా తెలియదు అనుకున్నాడు. నకిలీ అన్న మాట వింటే నిప్పులు చెరిగే మనిషి తన చేతులతో ఒక అబద్ధాన్ని కుట్టాడు, పైగా పుణ్యం చేశాననుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. పతకాలు కూడబెట్టేవాళ్ళకి ఒక జబ్బుంది. ఒకే రకం రెండుంటే, అరిగినది మార్పిడి డబ్బాలోకి పోతుంది. కార్ల్ మొహాలు అతని దగ్గర బోలెడున్నాయి, అన్నీ దీనికంటే శుభ్రమైనవే. చెయ్యి తనంతట తనే దాన్ని డబ్బాలో పడేసింది. నవంబరు మొదటి ఆదివారం, నెలనెలా కలిసినట్టే, ఊరి చివర ఆండ్రిట్స్‌లో హోటలు వెనక గదిలో బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు ష్వైగర్ ఆ డబ్బా కెలికాడు. వచ్చే ఆదివారం పేర్లు చదివే ఊళ్ళో పిల్లలకి చూపించడానికి ఒక కార్ల్ కావాలి, నలుగురి చేతుల్లో పడేదానికి అరిగినదైతేనే నయం అన్నాడు. బదులుగా ఆ కాలం నాటి పట్టు రిబ్బను చుట్ట ఒకటి బల్ల మీద దొర్లించాడు. రిబ్బను చూసేసరికి ఎంగెల్‌బెర్ట్‌కి ఒళ్ళు తెలియలేదు. ఇద్దరూ చేతులు కలిపారు. పతకం బల్ల దాటింది.

మర్నాడు మూట పట్టుకుని కిందికి దిగాడు. లోయిసీ అత్త వంటింట్లో చెస్ట్‌నట్ కాయలకి గాట్లు పెడుతోంది. కత్తి పక్కన పెట్టి, చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని, పతకం అరచేతిలో పెట్టించుకుంది. కళ్ళతో చూడలేదు. బొటనవేలు దాని మీద ఒకసారి నడిపింది. ఆగింది. మళ్ళీ నడిపింది.

"బెర్ట్ల్, ఈయనకి చెంపలనిండా గడ్డం ఉందేంట్రా?"

చిన్నప్పటి నుంచీ చనిపోయినవాళ్ళని తలుచుకునే ప్రతి ఆత్మల పండుగకీ నానమ్మ పక్కన కూర్చుని ఆ మొహాన్ని మెత్తటి గుడ్డతో, బొటనవేలితో రుద్దింది ఆవిడే. ఆ ముక్కు అరిగింది ఆ వేలి కిందే. ఇంతమందికి పతకాలు చదవడం నేర్పినవాడికి, వేలితో చదివేవాళ్ళుంటారని తట్టలేదు.

"నాది ఏం చేశావు?"

దాచి లాభం లేదు. ఏళ్ళ లెక్క చెప్పాడు, ప్రొఫెసరు నోటి సంగతి చెప్పాడు, నీ పరువు పోతుందని భయపడి మార్చానన్నాడు, అసలుది ఇప్పుడు ఆ ప్రొఫెసరు దగ్గరే ఉందన్నాడు. ఆవిడ అంతా విని, పతకాన్ని అతని వైపు తోసేసింది.

"నువ్వు రాజు మొహం చూశావు. అది ఎవడి రొమ్ము మీద వేలాడిందో నన్నడగాలని తోచలేదా? నేను కింది ఇంట్లోనే ఉన్నాను కదరా, చచ్చిపోలేదుగా?"

అప్పుడు చెప్పింది. ఆ రాళ్ళగుట్ట మీద బ్లాసియుస్ ఒక గాయపడ్డవాణ్ణి వీపు మీద వేసుకుని కిందికి మోసుకొస్తున్నాడు. ఆ మనిషి పేరు యెర్నెయ్ లెష్నిక్. కొండకి అవతలి వైపు స్లొవేనువాడు, ఒకే రెజిమెంటు. గుండు మోసేవాడికి తగిలింది, మోయించుకున్నవాడు బతికాడు. తర్వాత రెండేళ్ళకి యెర్నెయ్‌కి పతకం వచ్చింది. యుద్ధం అయిపోయాక, మధ్యలో కొత్త సరిహద్దు గీసిన ఏడాది, అతను కొండ దాటి నడిచొచ్చి, బ్లాసియుస్ ఫోటో కింద మేకు కొట్టి ఆ పతకం తగిలించాడు. ఇది నాది కాదు, నన్ను మోసినవాడిది అన్నాడట. ఆ తర్వాత ఏటా ఆత్మల పండుగకి సంచినిండా యాపిళ్ళతో వచ్చేవాడు. లోయిసీకి ఆ యాపిళ్ళు గుర్తున్నాయి, ఆ చేతికి రెండు వేళ్ళు లేకపోవడం గుర్తుంది. నలభై ఒకటిలో హిట్లర్ మనుషులు ఆ వైపు వాళ్ళని కుటుంబాలకి కుటుంబాలు రైళ్ళెక్కించారు. ఆ ఏడాది యాపిళ్ళు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. స్లొవేనువాడి పతకం ఇంట్లో ఉందంటే ఇంటిమీదికొచ్చే రోజులవి. అందుకని నానమ్మ, ఇది మా ఆయనదే అని ఊరందరికీ చెప్పింది. భయం పోయాక కూడా ఆ మాట అలాగే అలవాటైపోయింది.

"ఆదివారం ఆ పతకం దిండు మీద పెట్టి ఆయన పేరు చదివించాలి. నేను పోతే ఆ పేరు తెలిసినవాళ్ళు ఈ లోకంలో లేరు. ఇంకోటి తెచ్చావంటే తలుపు తియ్యను. నాకు అదే కావాలి."

తీసుకొస్తానన్నాడు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. ఆదివారం దాకా ఈ సంగతి పొక్కకూడదంది. స్మారకశిల కమిటీ పెద్ద ట్రుమ్మర్‌కి ముందే తెలిస్తే, ఊరివాడు కానివాడి పేరు ఎందుకని అడ్డుపడతాడు. ట్రుమ్మర్‌కి ష్వైగర్ చీట్లాట నేస్తం. ష్వైగర్ చెవిన పడితే ట్రుమ్మర్ చెవిన పడ్డట్టే.

కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్నట్టయింది ఎంగెల్‌బెర్ట్ పని. ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. బల్ల దాటిన వస్తువు వెనక్కి రాదు. మోసపోయానన్నా, మనసు మారిందన్నా, పెళ్ళాం తిట్టిందన్నా రాదు. ఆ ఒక్క కట్టుబాటు మీదే అంతమంది అనుమానపు మనుషులు ఇన్నేళ్ళు కొట్టుకోకుండా కూర్చున్నారు. అంతగా వెనక్కి కావాలంటే, అందరి ముందూ అడిగి, కుర్చీ వదులుకుని వెళ్ళాలి. అక్కడ ఒక్కో కుర్చీ వెనకా ఒక్కో పేరుతో ఇత్తడి పలక ఉంటుంది. ఆ పలకలన్నీ బిగించింది ఎంగెల్‌బెర్టే.

ఆ సాయంత్రమే ష్వైగర్‌కి ఫోన్ చేశాడు. పొరపాటున ఇచ్చాను, మీకు దానికంటే మంచి కార్ల్ ఇస్తాను, రెండిస్తాను అన్నాడు. అక్కడే తప్పు చేశాడు. అరిగిన పతకానికి బదులు రెండు మంచివిస్తానంటే పతకాల వాళ్ళలో ఎవడికైనా అనుమానం రాదా? ఫోన్‌లో సొరుగు లాగిన చప్పుడు వినపడింది. భూతద్దం తీస్తున్నాడని ఎంగెల్‌బెర్ట్‌కి తెలిసిపోయింది. వారం వారం గురువారం బీరుకి అందరూ కూర్చుంటారుగా, ఏదైనా ఉంటే అప్పుడు బల్ల దగ్గర అడగమని ఫోన్ పెట్టేశాడు ప్రొఫెసరు.

మధ్యలో రోజులు ఎలా గడిచాయో గెర్లిండేనే అడగాలి. అన్నం సయించలేదు. ష్వైగర్ ఆ పతకాన్ని వెండి నాణ్యత చూడటానికి అంచు గీస్తాడేమోనని రాత్రిళ్ళు లేచి కూర్చునేవాడు. మెట్ల మీద లోయిసీ అత్త ఎదురైతే ఆవిడ ఏమీ అడిగేది కాదు. అడక్కపోవడం ఇంకా నరకంగా ఉండేది.

గురువారం అందరూ వచ్చారు. ఎవరి ముందు వాళ్ళ బీరు ఉంది గానీ ఎవరూ తాగడం లేదు. బల్ల మధ్యలో ఆ పతకం ఉంది. అంచు మీద గీత లేదు. ఎంగెల్‌బెర్ట్ ముందు ఆ సంగతే చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"వెనక్కి కావాలి," అన్నాడు.

ష్వైగర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. భూతద్దంతో అణువణువూ చూశాననీ, మామూలు కార్ల్ పతకమనీ, దాని కోసం ఎంగెల్‌బెర్ట్ లాంటివాడు ఇంత దిగజారాడంటే ఏదో ఉందనీ అన్నాడు. తర్వాత గొంతు మెత్తబడింది.

"వుర్జింగర్, నాకు నీ కుర్చీ అక్కర్లేదు. నువ్వు లేకపోతే మా రిబ్బన్లు మడిచేదెవరు? కారణం చెప్పు. న్యాయమైన కారణమైతే నేనే కట్టుబాటు పక్కన పెడతాను. అందరూ ఒప్పుకుంటారు."

అందరూ తలలూపారు. ఎదురుగా కూర్చున్న పాత నేస్తమైతే కళ్ళతో బతిమాలాడు. చెప్పేస్తే సరిపోతుంది. నాలుగు మాటలు. ఆ కథ విన్నవాడెవడైనా కరిగిపోతాడు, ష్వైగర్‌తో సహా. కరిగిపోయి, రాత్రికి చీట్లాటలో ట్రుమ్మర్‌కి కన్నీళ్ళతో చెబుతాడు. నిజం చెప్పాలంటే ఎంగెల్‌బెర్ట్‌కి ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళుగా వారమంతా ఆ కుర్చీ కోసమే బతికాడు. పెళ్ళిరోజు మర్చిపోయాడు గానీ మొదటి ఆదివారం మర్చిపోలేదు.

"కారణం నాది కాదు ప్రొఫెసర్ గారూ. నేను చెప్పకూడదు."

"అయితే రూలు తెలుసుగా."

తెలుసు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడని చూసినవాళ్ళకి అర్థమైంది. కుర్చీ వెనక మోకాళ్ళ మీద కూర్చుని తన పేరు తనే విప్పుకున్నాడు. ఒక స్క్రూ తుప్పుపట్టి తిరగలేదు. పట్టు రిబ్బను చుట్ట బల్ల మీద పెట్టి, పతకం జేబులో వేసుకుని బయటికొచ్చి, వచ్చిన ట్రాము ఎటు పోతుందో కూడా చూడకుండా ఎక్కేశాడు.

ఆదివారం ఆ కొండ ఊళ్ళో చలి ఎముకలు కొరుకుతోంది. స్మారకశిల ముందు ఊరంతా నిలబడింది. లోయిసీ అత్తని చెయ్యిపట్టి ముందు వరుస దాకా నడిపించి, ఎంగెల్‌బెర్ట్ వెనక్కొచ్చి, ఎవరూ తెలియని ఊరు కాబట్టి గోడవారన నిలబడ్డాడు. మైకు ముందు ష్వైగర్, పక్కన ట్రుమ్మర్.

ఆ ఊళ్ళో పేర్లు చదివే పద్ధతి వేరు. సైన్యంలో హాజరు పిలిచినట్టు పిలుస్తారు. పేరు పిలవగానే ఆ ఇంటివాళ్ళెవరో ఒకరు 'ఇక్కడ' అంటారు. ఒక గొంతు ఒక్క పేరుకే. ఎవరూ పలకని పేరుని మరుసటి ఏడాది నుంచి పిలవరు, పక్కన పెట్టేస్తారు. పలికేవాళ్ళు లేక అలా జారిపోయిన పేర్లు రాయి మీద ఉన్నాయి గానీ మైకులోకి రావు.

"బ్లాసియుస్ హార్రెర్."

"ఇక్కడ," అంది లోయిసీ అత్త. తడుముకుంటూ దిండు మీద పతకం పెట్టింది. పెట్టి, కదలకుండా మైకు పక్కనే నిలబడిపోయింది. "ఇంకో పేరుంది. ఈ పతకం ఆయనది."

ట్రుమ్మర్ దగ్గాడు. ఒంగి ఆవిడ చెవిలో, ఈ రాయి మన ఊరివాళ్ళదమ్మా, పేర్లన్నీ ముందే ఖాయమైపోయాయి అన్నది మైకులో అందరికీ వినపడింది. జనం గుసగుసలాడారు. ఆవిడ కదల్లేదు. ష్వైగర్ దిండు మీదికి ఒంగాడు. కార్ల్ మొహం, అరిగిన ముక్కు. ఆయనకి గుర్తుపట్టడానికి భూతద్దం అక్కర్లేదు. అప్పుడే చదివిన పేరు పక్కన చనిపోయిన ఏడాదీ ఆయనకి తెలుసు. ఇప్పుడు నోరు తెరిచి తప్పు పట్టాలంటే పట్టొచ్చు, ఒక్క వాక్యం చాలు. ఎంగెల్‌బెర్ట్ గోడ మీద చేతులు ఆనించాడు. ష్వైగర్ తలెత్తి జనంలో వెతికి, గోడవారన అతన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"పేరు చెప్పండమ్మా," అన్నాడు ఆవిడతో.

ఆవిడ చెప్పింది. ట్రుమ్మర్ ఏదో అనబోతే ష్వైగర్ చెయ్యి అడ్డం పెట్టి, మైకులో పిలిచాడు.

"యెర్నెయ్ లెష్నిక్."

ఎవరూ పలకలేదు. ఎవరు పలుకుతారు? లోయిసీ అత్త తన గొంతు తాతకి ఇచ్చేసింది. సరిహద్దు అవతల ఆ ఇంటివాళ్ళెవరూ మిగల్లేదు. ఆవిడ మొహం మెల్లగా పక్కకి తిరిగింది, చూపు ఆనని కళ్ళతో ఎవరినో వెతుకుతున్నట్టు. ఇంత చేసీ ఈ పేరు వచ్చే ఏడాదికి పోతుందా? పేరు పిలిచి పలికే దాకా ఎంతసేపు ఆగాలో ఆ ఊరివాళ్ళకి తెలుసు. ఆ వ్యవధి అయిపోవచ్చింది. ష్వైగర్ తర్వాతి పేరు కోసం కిందికి చూశాడు.

"ఇక్కడ," అన్నాడు ఎంగెల్‌బెర్ట్.

ఎవరీ కొత్తమనిషని ఊరంతా వెనక్కి తిరిగి చూసింది. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని, హాజరు పలికినవాడు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు.